ఎండ కాసే సముద్రతీరం వాసనతో సెంటు: ఇంట్లో కలుపుకునే పద్ధతి

బజారులో ‘మెరైన్’, ‘ఓషన్’, ‘ఆక్వా’ అని పేరున్న సెంట్లలో చాలావాటికి ఒకటే వాసన: అప్పుడే కోసిన పుచ్చకాయ, దాని వెనక కాస్త బట్టల సబ్బు. దీనికి మూలం కాలోన్ అనే పదార్థం. ఫైజర్ రసాయనవేత్తలు 1966లో కనిపెట్టారు. 1990లలో సెంటు కంపెనీలన్నీ దాని వెంట పడ్డాయి. సముద్రం అనిపించాలంటే అది కావాల్సిందే, కానీ చాలామంది దాంతోనే మొదలుపెట్టి చెయ్యి జారుస్తారు. ఎండ కాసే తీరం కావాలంటే ముందు ఎండను కట్టాలి, తర్వాత ఇసుకను, తర్వాత ఒడ్డున ఉండే చెట్లను. నీళ్ళు ఆఖర్న, చుక్కల్లో.

ఇక్కడ తీసుకున్న తీరం ఉత్తరాంధ్రది. భీమిలి నుంచి ఉద్దానం మీదుగా ఒడిశాలోని గంజాం దాకా సాగే ఆ ఒడ్డున మిట్టమధ్యాహ్నం ముక్కుకు తగిలేవి ఏమిటో విడదీసి చూడండి. కాలిన ఇసుక పొడి వాసన. సరుగుడు తోటలో రాలి ఎండిన ఆకు. కొబ్బరి. ఉప్పు పట్టిన ఒళ్ళు. వానాకాలంలో అయితే తిన్నెల మీది పొదల్లోంచి మొగలి. సముద్రపు ఉప్పుకు తనకంటూ వాసన లేదు. మనం సముద్రం వాసన అనుకునేదాంట్లో పెద్ద భాగం డైమిథైల్ సల్ఫైడ్: నీళ్ళలోని నాచు జాతులు తయారుచేసే పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు పుడుతుంది. దూరం నుంచి గాలిలో అందితే బాగుంటుంది, దగ్గరగా పీలిస్తే ఉడికిన క్యాబేజీ. దాన్ని సీసాలోకి తేలేం, తెచ్చినా ఎవరూ ఒంటికి పూసుకోరు. అందుకే ఉప్పుగాలిని నేరుగా తెచ్చే బదులు, చుట్టూ ఉన్నవాటితో ఆ భ్రమ పుట్టిస్తాం.

కావలసిన సామాను

0.01 గ్రాము దాకా చూపే కాటా ఒకటి తప్పనిసరి. నగలు తూచేవాళ్ళు వాడే చిన్న కాటా చాలు, ధర ఎక్కువేం కాదు. చుక్కలు లెక్కపెట్టి చేసే పని ఇది కాదు. ఇజో ఈ సూపర్ (చెక్క వాసన వేసే కృత్రిమ పదార్థం) చుక్కకూ వట్టివేరు తైలం చుక్కకూ బరువు వేరు, ఒకే తైలం చుక్క కూడా డ్రాపర్ మారితే మారిపోతుంది. చుక్కల్లో రాసుకున్న పాళ్ళతో అదే సెంటు రెండోసారి రాదు.

ముదురు గోధుమరంగు గాజు సీసాలు కావాలి: 10 మిల్లీలీటర్లవి ఏడెనిమిది, 30వి మూడు, 50ది ఒకటి. మూతలు మామూలు మరమూతలే ఉండాలి. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్ మూతల సీసాల్లో తైలాలు దాచకండి. నిమ్మజాతి తైలాల ఆవిరికి రబ్బరు ఉబ్బి మెత్తబడి జిగురై సీసాలోకి దిగుతుంది. 3 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ డ్రాపర్లు ఒక్కో పదార్థానికి ఒకటి చొప్పున, నైట్రైల్ గ్లోవ్స్, అంటించే లేబుళ్ళు, వాసన చూసే కాగితం పట్టీలు, కాఫీ వడకట్టే కాగితం, మరమూత ఉన్న 50 మిల్లీలీటర్ల స్ప్రే సీసా. నొక్కి బిగించే రకం స్ప్రే సీసాకు వేరే పరికరం కావాలి, ఇంట్లో పనికి అది వద్దు.

ఆల్కహాల్ విషయంలో రాజీ పడకండి. సెంట్ల ముడిసరుకు అమ్మేవాళ్ళ దగ్గర ‘పెర్ఫ్యూమర్స్ ఆల్కహాల్’ అని దొరికేది, తాగడానికి పనికిరాకుండా చేసిన 95 శాతం ఇథనాల్, సరైనది. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎస్‌డీఏ 40-బి అని అడగాలి. శానిటైజర్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గ్లిజరిన్, నీళ్ళు లాంటివి ఉంటాయి కాబట్టి పనికిరాదు. రంగుల దుకాణంలో అమ్మే స్పిరిట్‌లో మిథనాల్ ఉండవచ్చు, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్ళే విషం అది. దాని జోలికి అసలు పోవద్దు.

ఇథనాల్ ఆవిరి మన ఇళ్ళలో ఉండే మామూలు వేడికే నిప్పు అంటుకుంటుంది. పొయ్యి ఉన్న వంటింట్లో, దీపం వెలిగే పూజగది పక్కన ఈ పని వద్దు. కిటికీ తెరిచిన గది చూసుకోండి. కాటా మీద తూచేటప్పుడు మాత్రం ఫ్యాను ఆపాలి, గాలికి అంకెలు నిలకడగా ఉండవు.

పదార్థాలు, పాళ్ళు

కింది పాళ్ళు 10 గ్రాముల ముడి సెంటుకు. అందులో 5 గ్రాములతో ఒక 50 మిల్లీలీటర్ల సీసా అవుతుంది. మిగతా సగం దాచుకుంటే సవరణలకు ఉపయోగపడుతుంది.

ఎండకు:
బెంజైల్ సాలిసిలేట్ – 1.60 గ్రా.
హెడియోన్ – 2.20 గ్రా.
యిలాంగ్ యిలాంగ్ తైలం – 0.15 గ్రా.
గామా నోనాలాక్టోన్, 10 శాతం ద్రావణం – 0.20 గ్రా.

ఇసుకకు:
ఇజో ఈ సూపర్ – 1.50 గ్రా.
ఆంబ్రాక్సాన్, 10 శాతం ద్రావణం – 0.80 గ్రా.
వట్టివేరు తైలం, 10 శాతం ద్రావణం – 0.60 గ్రా.

ఒడ్డు మీది చెట్లకు:
మొగలి తైలం, 10 శాతం ద్రావణం – 0.50 గ్రా.
సైప్రస్ తైలం – 0.20 గ్రా.

వెలుతురుకు:
బెర్గమాట్ తైలం, బెర్గాప్టెన్ తీసేసిన రకం – 1.30 గ్రా.
నిమ్మ తైలం – 0.35 గ్రా.

నీళ్ళకు:
హెలియోనాల్ – 0.30 గ్రా.
కాలోన్, 1 శాతం ద్రావణం – 0.30 గ్రా.

కాలోన్ లెక్క ఒకసారి చూడండి. 0.30 గ్రాముల ద్రావణంలో అసలు కాలోన్ 3 మిల్లీగ్రాములే. సీసాకు చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంతకే నీళ్ళ జాడ తెలుస్తుంది.

ఎందుకు ఇవే అంటే, ముందు బెంజైల్ సాలిసిలేట్ సంగతి. విడిగా వాసన చూస్తే దాదాపు ఏమీ ఉండదు. కొందరి ముక్కుకు అసలు అందదు. అయినా దీన్ని పెద్ద పాలుగా వెయ్యడానికి కారణం ఉంది. ఇది అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. ఫ్రాన్సులో 1930లలో వచ్చిన ఆంబ్ర్ సొలేర్ సన్‌టాన్ నూనెలో ఎండను కాచే పదార్థం ఇదే. అప్పటినుంచి యూరప్ వాళ్ళకు బీచ్, ఎండ, నూనె రాసుకున్న ఒళ్ళు అంటే ఈ వాసనే. మనవాళ్ళకు ఆ జ్ఞాపకం లేదు, కానీ యిలాంగ్ యిలాంగ్ లాంటి వేడిగా వాసన వేసే పూలలో సహజంగానే ఉంటుంది కాబట్టి మన ముక్కు కూడా దాన్ని వెచ్చదనంగానే అర్థం చేసుకుంటుంది. పక్కనున్న వాసనలను వెడల్పు చేసి, అంచులు నునుపు చేసి, ఎక్కువసేపు నిలబెట్టే పని దీనిది. హెడియోన్ మల్లెజాతి పదార్థం, కానీ మల్లెపూల బరువు ఉండదు. గాలి ఆడినట్టుగా ఉంటుంది.

గామా నోనాలాక్టోన్ కొబ్బరి. వ్యాపారంలో దీన్ని ‘ఆల్డిహైడ్ సి-18’ అంటారు. నిజానికి అది ఆల్డిహైడూ కాదు, దానికి 18 కార్బన్లూ లేవు. కొనేటప్పుడు ఆ పేరు కనిపిస్తే కంగారు పడొద్దు, అదే ఇది.

ఆంబ్రాక్సాన్ ఉప్పు, వేడి చర్మం, ఎండిన కట్టె కలిసినట్టు ఉండే పదార్థం. తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్ వాసనలో ముఖ్యమైన భాగం ఇదే. ఇప్పుడు క్లేరీ సేజ్ మొక్కలోని స్క్లారియోల్ నుంచి తయారుచేస్తారు. ఎవరైనా ‘అసలు అంబర్‌గ్రిస్’ అమ్మజూపితే తీసుకోకండి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది దగ్గర ఉంచుకోవడమే నేరం.

మొగలి దగ్గర జాగ్రత్త

ఈ సెంటుకు ఊరూ పేరూ ఇచ్చేది మొగలి, మోసం ఎక్కువగా జరిగేది కూడా దాంట్లోనే. ఉద్దానానికి ఆనుకునే ఉన్న గంజాం జిల్లా ఈ తైలానికి పెట్టింది పేరు. మగచెట్ల పూలకే ఆ ఘాటైన వాసన ఉంటుంది. కోసిన కాసేపటికే వాసన దిగిపోతుంది కాబట్టి తోటల దగ్గరే ‘డేగ్’ అనే రాగి పాత్రల్లో ఆవిరి పట్టి తీస్తారు. నూనెగా విడదీస్తే రూహ్ కేవడా. ఆ ఆవిరిని చందనం తైలంలోకి పట్టిస్తే కేవడా అత్తరు.

రూహ్ చాలా ఖరీదు. చవకగా దొరికిన అత్తరులో చందనానికి బదులు లిక్విడ్ పారాఫిన్ ఉండవచ్చు. దాన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. చిన్న గాజు సీసాలో 1 మిల్లీలీటరు ఆల్కహాల్ పోసి ఒక్క చుక్క అత్తరు వేసి ఊపండి. చందనం మీద తీసినదైతే కలిసిపోతుంది. పారాఫిన్ అయితే పాలలా తెల్లబడి, పక్కన పెట్టాక నూనె బొట్లుగా అడుక్కు దిగుతుంది. అలాంటిది సీసాలో పోస్తే స్ప్రే ముక్కు మూసుకుపోతుంది.

స్వచ్ఛమైన తైలం దొరక్కపోతే ఫినైల్‌ఇథైల్ మిథైల్ ఈథర్ కొనండి. మొగలి తైలంలో అన్నిటికంటే ఎక్కువ పాలు దానిదే, ధర మాత్రం తక్కువ. 10 శాతం ద్రావణం 0.40 గ్రాములు వేస్తే మొగలి గీత కనిపిస్తుంది. అసలు పువ్వులోని ఆకుపచ్చదనం, ఆ కాస్త కారం మాత్రం రావు. కిరాణా కొట్లో దొరికే కేవడా వాటర్ ఇక్కడ పనికిరాదు. అందులో నీళ్ళే ఎక్కువ.

పాలు పెంచకండి. మొగలి రేకులు జడలో పెట్టుకున్న తరానికి అది పువ్వు వాసన. ఇప్పటి చాలామందికి అది బిర్యానీ వాసన, మిఠాయి కొట్టు వాసన. 0.50 దాటి ముప్పావు గ్రాము దగ్గరికి వచ్చేసరికి ఇసుకా ఎండా పోయి పెళ్ళి భోజనాల పందిరి మిగులుతుంది. ఉండీ లేనట్టు ఉన్నప్పుడే పొదల వైపు నుంచి గాలి వీచినట్టు అనిపిస్తుంది.

ముందుగా ద్రావణాలు

ఐదు పదార్థాలను పలచన చేసి పెట్టుకోవాలి. అన్నిటికీ ఆల్కహాలే వాడండి.

వట్టివేరు, మొగలి, గామా నోనాలాక్టోన్: ఒక్కొక్కటి 0.20 గ్రాములకు 1.80 గ్రాముల ఆల్కహాల్. ఊపితే కలిసిపోతాయి.

ఆంబ్రాక్సాన్ తెల్లటి పలుకుల్లా ఉంటుంది. 1.00 గ్రాముకు 9.00 గ్రాముల ఆల్కహాల్ పోసి మూత బిగించండి. వేరే గదిలో నీళ్ళు వేడిచేసి గిన్నెలో తెచ్చుకుని, వేలు పెట్టగలిగే వేడికి వచ్చాక అందులో సీసా నిలబెట్టి మధ్యమధ్య ఊపండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఒక్క పలుకు కూడా కనిపించకూడదు. ఒక్కటి మిగిలినా తర్వాత సీసా అడుగున దానిచుట్టూ ఇంకొన్ని పేరుకుంటాయి.

కాలోన్ రెండు దశల్లో పలచన చెయ్యాలి. 0.10 గ్రాము తూచి 9.90 గ్రాముల ఆల్కహాల్ కలిపితే నేరుగా 1 శాతం వస్తుంది కదా అనిపిస్తుంది. కానీ 0.01 గ్రాము చూపే కాటా మీద 0.10 తూస్తే పదో వంతు తేడా రావచ్చు. అందుకే మొదట 0.50 గ్రాము కాలోన్‌కు 4.50 ఆల్కహాల్ కలపండి, అది 10 శాతం. అందులో 1.00 గ్రాము తీసి 9.00 ఆల్కహాల్ కలిపితే నికరమైన 1 శాతం. గ్లోవ్స్ వేసుకోండి, ఈ పని అన్నిటికన్నా చివర్న చెయ్యండి. కాలోన్ పొడి వేళ్ళకో బల్లకో అంటితే ఆ రోజంతా ప్రతి పట్టీ మీదా పుచ్చకాయ వాసనే తగులుతుంది.

ప్రతి సీసాకూ పేరు, శాతం, తేదీ రాసి అంటించండి. ద్రావణాలు చాలావరకు చూపుకు ఒకేలా ఉంటాయి.

కలపడం

30 మిల్లీలీటర్ల ఖాళీ సీసాను కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. ఒక్కో పదార్థం వేశాక బరువు రాసుకుని మళ్ళీ సున్నా చెయ్యండి. చాలా కాటాలు కాసేపు ముట్టుకోకపోతే వాటంతట అవే ఆరిపోతాయి, అందుకే ఎప్పటి అంకె అప్పుడే కాగితం మీదికి ఎక్కాలి. డ్రాపర్ సీసా అంచుకు తగలకూడదు. చివరి ఐదు శాతం చుక్కచుక్కగా.

మొదట ఎండ. బెంజైల్ సాలిసిలేట్, హెడియోన్, తర్వాత యిలాంగ్, తర్వాత కొబ్బరి. బెంజైల్ సాలిసిలేట్ 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ గదిలోనో, శీతాకాలంలోనో సీసాలో గడ్డ కనిపిస్తే అది పాడైనట్టు కాదు, గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి పూర్తిగా కరిగాకే తూచండి. మూత పెట్టి ఊపి, పట్టీ కొన ముంచి, నిమిషం ఆగి చూడండి. ఈ దశలో పెద్దగా ఏమీ తెలియదు. వెచ్చటి చర్మంలా, ఎక్కడో తియ్యగా ఉంటుంది. ‘ఏం వాసన రావట్లేదు’ అని ఇంకాస్త యిలాంగ్ కలిపేవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు.

తర్వాత ఇసుక. ఇజో ఈ సూపర్, ఆంబ్రాక్సాన్, వట్టివేరు. ఇప్పుడు పట్టీ మీద తేడా స్పష్టంగా ఉంటుంది. తియ్యదనం ఎండిపోయి, పొడిగా, కాస్త ఉప్పగా మారుతుంది. వట్టివేరులోని మట్టి వాసన, తడిపిన తడికల చల్లదనం ఇక్కడ మనకు అక్కర్లేదు, దాని పొడి కట్టె గుణమే కావాలి. 0.60 దాటితే ఎండ మబ్బు పడుతుంది.

మూడోసారి మొగలి, సైప్రస్. సరుగుడు చెట్టుకు అమ్మకానికి దొరికే తైలం లేదు. సైప్రస్‌లోని పైనీన్ ఆ ఎండిన సూదాకుల వాసనకు దగ్గరగా వస్తుంది. తర్వాత బెర్గమాట్, నిమ్మ.

బెర్గమాట్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇటలీలో కలాబ్రియా తీరాన పండే ఆ కాయ తొక్కను పిండి తీసిన మామూలు తైలంలో బెర్గాప్టెన్ ఉంటుంది. అది పూసుకున్న చోట ఎండ తగిలితే చర్మం కాలి నల్లటి మచ్చలు పడి నెలల తరబడి పోవు. సెంట్ల భద్రతకు ప్రమాణాలు పెట్టే ఇఫ్రా సంస్థ అందుకే చర్మం మీద ఉండిపోయే వస్తువుల్లో దాన్ని 0.4 శాతానికి పరిమితం చేసింది. మన సెంటులో బెర్గమాట్ 1.6 శాతం దాకా ఉంటుంది, అంటే ఆ హద్దుకు నాలుగు రెట్లు. ఎండలో తిరగడానికి చేసే సెంటు కదా ఇది. లేబుల్ మీద ‘ఎఫ్‌సీఎఫ్’ లేదా ‘బెర్గాప్టెన్ ఫ్రీ’ అని ఉన్నదే కొనండి. లేకపోతే బెర్గమాట్ మానేసి ఆ 1.30 గ్రాముల్లో 1.00 తియ్య నారింజ తైలం, మిగతా 0.30 హెడియోన్ వెయ్యండి. కొంచెం లావుగా ఉంటుంది కానీ భయం లేదు. పిండి తీసిన నిమ్మ తైలానికి హద్దు 2 శాతం, మనం వాడేది అర శాతంలోపే.

ఇక నీళ్ళు. హెలియోనాల్ మొత్తం వేసి ఊపండి. కాలోన్ మాత్రం మూడు విడతల్లో, 0.10 చొప్పున. ప్రతి విడతకూ కొత్త పట్టీ ముంచి, పావుగంట ఆగి, బయటికి వెళ్ళి మామూలు గాలి పీల్చి వచ్చి చూడండి. వెంటనే చూస్తే నిమ్మ, బెర్గమాట్ ముందుకొచ్చి కాలోన్‌ను కప్పేస్తాయి, తక్కువైందని ఇంకా పోస్తారు. గంట తర్వాత నిమ్మ ఎగిరిపోతుంది, కాలోన్ రోజంతా ఉంటుంది. పట్టీని ముక్కుకు జానెడు దూరంలో ఆడించినప్పుడు చల్లగా తగిలి, దగ్గరికి తెచ్చినప్పుడు ఎండే కనిపిస్తే అక్కడ ఆపెయ్యండి. అది 0.20 దగ్గరే జరిగితే 0.20 చాలు.

ఏదైనా ఎక్కువ పడితే వెనక్కి తియ్యలేరు. హెడియోన్ 2.20 బదులు 2.42 పడింది అనుకోండి, అది పదిశాతం ఎక్కువ కాబట్టి మిగతావన్నీ పదిశాతం పెంచుకుంటే సరిపోతుంది. కాలోన్ ఎక్కువైనప్పుడు మాత్రం ఈ లెక్క ఖరీదుగా తేలుతుంది. రెట్టింపు పడితే మొత్తం రెట్టింపు చెయ్యాల్సిందే.

ఆల్కహాల్‌లో కలపడం, ఊరనివ్వడం

ముడి సెంటును మూత బిగించి చీకటి అల్మారాలో వారం రోజులు వదిలెయ్యండి. తర్వాత శుభ్రమైన సీసాలోకి 5.00 గ్రాములు తూచి, 35.00 గ్రాముల ఆల్కహాల్ పొయ్యండి. బరువులో 12.5 శాతం అవుతుంది, 50 మిల్లీలీటర్ల సీసాలో కాస్త ఖాళీ వదిలి సరిపోతుంది. ఎప్పుడూ సెంటు మీద ఆల్కహాల్ పొయ్యాలి. ఇది ఒక రోజులో తాగేసే షర్బత్ కాదు కాబట్టి మూడు నాలుగు వారాలు ఆగాలి. మొదటి వారం ఆల్కహాల్ గుచ్చుకుంటుంది, బెర్గమాట్ ఒక పక్క, మొగలి ఒక పక్క విడివిడిగా ఉంటాయి. మూడో వారానికి ఆ అతుకులు పోతాయి. రోజూ మూత తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ గాలి చేరుతుంది. నిమ్మజాతి తైలాలు గాలికి పాతబడి టర్పెంటైన్ వాసనకు తిరుగుతాయి.

వేసవిలో మన ఇళ్ళలో అల్మారా లోపల కూడా వేడి ఎక్కువే. ఆ నెలల్లో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవచ్చు, పిల్లల చేతికి అందకుండా, గట్టిగా మూత బిగించి. చివర్న ఎలాగూ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచాలి. కరగకుండా మిగిలిన మైనం లాంటి పదార్థం చల్లదనానికి పేరుకుంటుంది, చల్లగా ఉండగానే కాఫీ కాగితం గుండా వడకట్టి స్ప్రే సీసాలోకి పొయ్యండి.

వాడే ముందు మోచేతి లోపలి మడతలో ఒక్కసారి కొట్టి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే చర్మానికి వద్దు, చొక్కాకు కొట్టుకోండి.

పరీక్ష బయటే

ఏసీ గదిలో చక్కగా ఉన్న సెంటు విశాఖ ఉక్కపోతలో రెట్టింపు బలంగా లేస్తుంది. వేడికి ఆవిరయ్యే వేగం పెరుగుతుంది. అందుకే ఆఖరి తీర్పు మధ్యాహ్నం, ఒంటి మీద, ఇంటి బయట. కొట్టుకున్న ఐదు నిమిషాలకు, అరగంటకు, రెండు గంటలకు, ఆరు గంటలకు ఏముందో రాసుకోండి. మొదటి అరగంట వెలుతురు, ఆ తర్వాత రెండు మూడు గంటలు ఎండా మొగలీ, సాయంత్రానికి ఉప్పూ ఇసుకా మిగిలితే సెంటు సరిగా కుదిరినట్టే.

మీకు ఏమీ అందకపోతే పక్కవాళ్ళను అడగండి. ఇజో ఈ సూపర్, ఆంబ్రాక్సాన్ కొందరి ముక్కుకు వస్తూ పోతూ ఉంటాయి, కొందరికి అందనే అందవు. కొట్టుకున్న మనిషికి వాసన లేదనిపించినా లిఫ్టులో ఎక్కినవాళ్ళకు తెలుస్తూ ఉంటుంది. అలాంటప్పుడు మళ్ళీ మళ్ళీ కొట్టుకుంటే చుట్టుపక్కలవాళ్ళకు తలనొప్పి.

రెండు గంటలకు కొబ్బరి బర్ఫీ అనిపిస్తే గామా నోనాలాక్టోన్ ద్రావణం 0.10కి తగ్గించండి. మొదటి నిమిషంలో ఫ్లోర్ క్లీనర్ గుర్తొస్తే నిమ్మా సైప్రస్ కలిసి చేసిన పని అది, నిమ్మను 0.20కి దించి తగ్గిన బరువు బెర్గమాట్‌కు ఇవ్వండి. సెంటు తెల్లగా మబ్బు పట్టిందంటే ఆల్కహాల్‌లో నీళ్ళు ఎక్కువైనా ఉండాలి, అత్తరులో పారాఫిన్ అయినా ఉండాలి. నీళ్ళ వల్ల అయితే ఇంకో 2, 3 గ్రాముల ఆల్కహాల్ కలిపితే తేరుకుంటుంది, పారాఫిన్ అయితే తేరుకోదు. సాయంత్రానికి ఏమీ మిగలకపోతే ఆంబ్రాక్సాన్ ద్రావణాన్ని 1.20 దాకా పెంచి చూడండి. ఇజో ఈ సూపర్‌ను పెంచితే మాత్రం వాసన నిలవడం కంటే చెక్కగుణం ముందుకొస్తుంది.

ఉత్తరాంధ్ర బదులు కోనసీమ కావాలనుకుంటే సైప్రస్ పూర్తిగా తీసేసి, కొబ్బరి ద్రావణం 0.30, మొగలి 0.30, హెలియోనాల్ 0.50 చెయ్యండి. పొడి తిన్నెలు పోయి కాలవగట్టు పచ్చదనం వస్తుంది. మొత్తం 9.90 అవుతుంది, మిగతా 0.10 హెడియోన్.

స్ప్రేలో ఉన్నంత ఆల్కహాల్ వద్దనుకునేవాళ్ళకు రోల్-ఆన్ చెయ్యొచ్చు: ముడి సెంటు 1.50 గ్రాములకు ఐసోప్రొపైల్ మిరిస్టేట్ (వాసన లేని పలచటి నూనె లాంటి ద్రవం) 8.50 గ్రాములు. వంటకు వాడే కొబ్బరినూనె వద్దు. అది చలికి గడ్డకడుతుంది, దాని సొంత వాసన గామా నోనాలాక్టోన్‌తో కలిసి తలనూనె అయిపోతుంది. ద్రావణాలకు డైప్రొపైలీన్ గ్లైకాల్ (సెంటు పదార్థాలను పలచన చెయ్యడానికి వాడే ఇంకో ద్రవం) కాకుండా ఆల్కహాల్ వాడమన్నది ఇందుకు కూడా. గ్లైకాల్ ఈ నూనెలో సరిగా కలవదు, విడిపోయి అడుగున పొరలా నిలుస్తుంది. రోల్-ఆన్‌లో నిమ్మ గుణం తక్కువగా, మొగలి ఎక్కువగా తెలుస్తుంది, కాబట్టి దాని కోసం విడిగా కలిపేటప్పుడు మొగలి ద్రావణం 0.35 చాలు.

స్నేహితులకు ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. మన దేశంలో సెంటు కూడా కాస్మెటిక్ కిందికే వస్తుంది. తయారుచేసి అమ్మాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ అధికారుల నుంచి లైసెన్సు తీసుకోవాలి, ఇథనాల్ ఎక్కువ మొత్తంలో కొని నిలవ చెయ్యాలంటే ఎక్సైజ్ అనుమతి వేరే. ఊరికే ఇచ్చే సీసా మీద కూడా తేదీ, బ్యాచ్ నంబరు, వాడిన తైలాల పేర్లు రాసి ఇవ్వండి. ఎవరికైనా చర్మం పడకపోతే దేనివల్లో డాక్టరుకు చూపించడానికి ఆ కాగితం ఉండాలి.